బుగ్గన ఉప్పుగల్లు

అనగనగా, ఏలిన రాజుల పేర్లు కూడా జనం మరిచిపోయినంత వెనకటి కాలంలో, సముద్రం ఒడ్డున మడులరేవు అనే పల్లె ఉండేది. ఆ పల్లెవాళ్ళు ఉప్పు పండించేవాళ్ళు. పండిన ఉప్పును ఎద్దుల మీద వేసుకుని, ఎండల్లో పడి నడిచి, కొండసీమకు చేర్చేవాళ్ళు. కొండల్లో అన్నీ పండుతాయి గాని ఉప్పు పండదు కదా.

ఎద్దు వీపున అటొకటి ఇటొకటి వేలాడే గోనెసంచులను పెరికెలు అనేవాళ్ళు. పెరికెలు మోసే ఎద్దులు, వాటిని తోలే మనుషులు, వంటకూ నీళ్ళకూ వెంట వచ్చే ఆడవాళ్ళు, అందరూ బారులు తీరి నడిస్తే అది బిడారు. ముందు నడిచేవాడు బిడారు నాయకుడు.

ఆ రోజుల్లో నాయకుడు దేచయ్య. మనిషి పొడుగు, మాట పొట్టి. పొద్దు వాలగానే ఆయన బిడారును ఆపేవాడు. ఎడ్లను విప్పి అందరూ గుండ్రంగా కూర్చునేవాళ్ళు. రేపు ఏ దారి పట్టాలి, ఎక్కడ ఆగాలి, ఏ ఎద్దుకు బరువు తగ్గించాలి, అన్నీ అక్కడే తేలేవి.

దానికొక ఆచారం ఉండేది. కూర్చోగానే దేచయ్య పెరికెలో చెయ్యి పెట్టి, రేగిపండంత ఉప్పుగల్లు తీసి బుగ్గన పెట్టుకునేవాడు. అది కరిగేదాకా నాయకుడు నోరు విప్పకూడదు. బిడారు తోకన నడిచేవాడు మొదట మాట్లాడాలి. తరువాత వాడి ముందువాడు. అలా ఒక్కొక్కరే చెప్పుకుంటూ రావాలి. అందరి మాటా అయ్యాకే నాయకుడి మాట.

మరి ఉప్పు ముందే కరిగిపోతే? అని మీరు అడగవచ్చు. దేచయ్య నోట్లో ఎప్పుడూ ముందు కరగలేదు. దాన్ని నాలుకతో కదపకుండా పట్టుకోవడం ఆయనకు తెలుసు. ఎవరైనా మాట మధ్యలో తడుముకుంటుంటే ఆయన అలాగే చూస్తూ కూర్చునేవాడు, ప్రపంచంలో తనకు వేరే పని లేనట్టు.

తడుముకునేవాడు ముఖ్యంగా ఒకడే. వాడి పేరు సింగన్న. బిడారు తోకన వాడే నడిచేవాడు. మాటకూ మాటకూ నడుమ ఎద్దు నెమరు వేసినంతసేపు ఆగేవాడు. దేచయ్య కొడుకు మాచన్నా, సింగన్నా ఒక ఈడువాళ్ళు. ఒకే ఉప్పుమడిలో ఆడుకుని, ఒకే కాలువలో ఈత నేర్చుకున్నారు. చిన్నప్పటినుంచీ సింగన్న సగం చెప్పిన మాటను మాచన్నే పూర్తి చేసేవాడు. "వీడికి ఆకలట." "వీడికి ఆ గాలిపటం కావాలట." చాలాసార్లు అది సరిపోయేది కూడా. సరిపోనప్పుడు సింగన్న నవ్వి ఊరుకునేవాడు.

మాచన్న చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. తెలివైనవాడు, చురుకైనవాడు, గొంతు విప్పితే పది ఎద్దుల అవతలికి వినిపించేది. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడానికి నాకింత కష్టంగా ఉండేది కాదు.

ఒక ఏడు దేచయ్యకు మోకాళ్ళు పట్టేశాయి. కొడుకును పిలిచి, గుడ్డలో చుట్టిన ఉప్పుగల్లు చేతిలో పెట్టాడు.

"ఒరే అబ్బాయ్, ఇది నోట్లో ఉన్నంతసేపూ నీకు చిరాకు పుడుతుంది."

"పుడితే ఏం చెయ్యాలి నాన్నా?"

"పుట్టనీ. ఉమ్మెయ్యకు."

ఆ చలికాలంలోనే ఆయన కన్నుమూశాడు.

ఎండలు ముదిరాక బిడారు కదిలింది. ఈసారి ముందు నడిచినవాడు మాచన్న. మొదటి సాయంత్రం అందరూ గుండ్రంగా కూర్చున్నారు. మాచన్న ఉప్పుగల్లు బుగ్గన పెట్టుకున్నాడు. తోక చివరినుంచి సింగన్న మొదలుపెట్టాడు.

"రేపు... దారి..." అన్నాడు సింగన్న. ఆగాడు. "రెండున్నాయి గదా... అందులో..."

మాచన్నకు నోటినిండా నీళ్ళూరాయి. నాలుక మండింది. రేపటి దారి ఏదో అతనికి ఎప్పుడో తెలుసు. తెలిసినదాన్ని నోట్లో దాచుకుని, తెలియనివాడిలా కూర్చోవడం ఎందుకో అతనికి అర్థం కాలేదు. పక్కకు తిరిగి ఉప్పుగల్లు ఉమ్మేశాడు.

"అందరికీ ఆకలేస్తోంది, ఇదంతా ఎందుకు?" అన్నాడు నవ్వుతూ. "చింతతోపు దారిన పోదాం. నీడ ఉంది, బావి ఉంది. ఏమంటారు?"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు చెప్పాక ఇంకేముంది నాయకా" అన్నాడు బయ్యన్న. అందరికంటే ఎక్కువ ఎద్దులు ఉన్నవాడు అతనే. గొంతు కూడా అతనిదే పెద్దది. నాయకుడి తరువాత అతను నడిచేవాడు.

ఆ రోజు అన్నాలు తొందరగా అయ్యాయి. తెల్లవారి చూస్తే చింతతోపులో నీడ ఉంది, బావిలో నీళ్ళున్నాయి. మాచన్న మాట నిజమే అయింది. అదే వచ్చిన చిక్కు. ఆ రోజు అది తప్పై ఉంటే అతను మళ్ళీ ఉప్పు వెతుక్కునేవాడేమో.

అప్పటినుంచీ కూడిక చిన్నదైపోయింది. మాచన్న చెప్పేవాడు, బయ్యన్న బాగుందనేవాడు, అందరూ లేచేవాళ్ళు. నలుగురు తెలిసినవాళ్ళు మాట్లాడుకుంటే చాలదా అనుకున్నాడు మాచన్న. తోకవాళ్ళు దూరంగా ఎడ్ల దగ్గరే ఉండిపోసాగారు. ఆడవాళ్ళు పొయ్యి దగ్గరే ఉండిపోసాగారు. రమ్మని ఎవరూ పిలవలేదు, రావద్దని కూడా ఎవరూ అనలేదు. సింగన్న మాత్రం రోజూ వచ్చి తన చోట కూర్చునేవాడు. కూర్చుని, అందరితోపాటు లేచిపోయేవాడు.

కొన్నాళ్ళకు ఒక ఊరి పక్క వాగు దగ్గరకు వచ్చారు. వాగుకు ఇవతల ఎండుగడ్డి, అవతల పచ్చటి పచ్చిక.

"ఎడ్లు బక్కచిక్కాయి. అవతలికి తోలి మేపుదాం" అన్నాడు మాచన్న.

"అంత పచ్చిక చూసి ఎన్నాళ్ళయింది" అన్నాడు బయ్యన్న. అంతటితో మాట అయిపోయింది.

తెల్లవారేసరికి ఎడ్లకు కడుపులు ఉబ్బాయి. చాలావాటిని కాపాడుకున్నారు. కొన్ని దక్కలేదు. దక్కనివాటిలో మెడలో గంట కట్టిన ముసలి ఎద్దు ఒకటి. అది దేచయ్య పెంచినది, ఇన్నేళ్ళూ బిడారుకు ముందు నడిచినది. మాచన్న దాని మెడమీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడు.

వంట చూసే అక్కసాని వచ్చి పక్కన నిలబడింది. దేచయ్యకు వరుసకు చెల్లెలు. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"నిన్న బావి దగ్గర ఈ ఊరి ఆడవాళ్ళు చెప్పారు నాయనా. ఆ పచ్చికలో ఏదో చెడ్డ ఆకు మొలుస్తుందంట. వాళ్ళ గొడ్లను అటు తోలరంట."

మాచన్నకు దుఃఖం కాస్తా కోపమైంది. "ముందే చెప్పొద్దా అత్తా?"

"ఎప్పుడు చెప్పేది నాయనా? చేతులు కడుక్కుని నేను వచ్చేసరికి మీరు గుడ్డలు దులుపుకుని లేస్తున్నారు."

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. గంటను విప్పి నడుముకు కట్టుకున్నాడు. ఇకనుంచి అందరినీ అడుగుతాను, ఆచారం ప్రకారమే అడుగుతాను అని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. ఎలా నిలబెట్టుకున్నాడో వినండి.

కొండసీమకు ముందు ఒక పెద్ద ఏరు అడ్డం వస్తుంది. దాన్ని దాటితే కొండదారి మొదలు. కొండవాళ్ళు దారిలోనే కబురంపారు. మా ఇళ్ళలో ఉప్పు నిండుకుంది, వానలు పడితే కొండదారి మూసుకుపోతుంది, ఈలోగా మీరు రాకపోతే ఈ ఏడంతా మాకు చప్పిడి కూడే అని. మాచన్నకు ఆ తొందర ఉంది. ఎడ్లు పోయిన చోట ఆగిన ఆలస్యం ఉంది. నాయకుడై మొదటి ఏడే మాట పోగొట్టుకున్నాడని పల్లెలో అనుకుంటారేమోనన్న బెంగ కూడా లోపల ఉంది.

పొద్దుటినుంచీ ఏటిగట్టు వెంటే నడిచి, ఎండ తగ్గే వేళకు రేవు చేరారు. ఏరంతా ఇసుక. నడుమ సన్నటి పాయ, మోకాలి లోతు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇప్పుడే దాటాలా, ఇవతల పడుకుని పొద్దున దాటాలా? తేలవలసింది అదొక్కటే.

మాచన్న అందరినీ పిలిచి గుండ్రంగా కూర్చోబెట్టాడు. పొయ్యి దగ్గరివాళ్ళు వచ్చారు, తోకవాళ్ళు వచ్చారు. ఉప్పుగల్లు మాత్రం అతనికి గుర్తు రాలేదు. గుర్తొచ్చినా పెద్దపని అనుకోలేదు.

"సింగన్నా, తోకనుంచి మొదలు. నువ్వు చెప్పు."

సింగన్న మొహం వెలిగింది. ఎన్ని సాయంత్రాలుగానో తన పేరు ఎవరూ పిలవలేదు మరి. లేచి నిలబడ్డాడు. పైగుడ్డ సర్దుకున్నాడు.

"పొద్దున... గట్టు వెంట వచ్చేటప్పుడు..." అన్నాడు. ఆగాడు. "ఎడ్లు... నీళ్ళవైపు..." మళ్ళీ ఆగాడు. చెయ్యి ఎత్తి ఎగువకు చూపించాడు.

మాచన్న పొద్దు వంక చూశాడు. అది దిగిపోతోంది.

"ఎడ్లు నీళ్ళవైపు లాగుతున్నాయి, దాహంగా ఉన్నాయి, తొందరగా దింపుదామంటావు. అంతేగా? నేనూ అదే అంటున్నానురా!" అని వాడి భుజం తట్టాడు.

అందరూ నవ్వారు. సింగన్న చెయ్యి కాసేపు గాలిలోనే ఉండిపోయింది. తరువాత వాడూ నవ్వి, కూర్చున్నాడు. నలుగురిలో స్నేహితుడి మాట కాదనడం బాగుండదనుకున్నాడో, ఇంక చెప్పలేననుకున్నాడో, ఎవరికి తెలుసు.

"అత్తా, నువ్వు చెప్పు."

"బిందెలో నీళ్ళు మట్టిగా ఉన్నాయి నాయనా. పొద్దున పట్టినవి బాగానే ఉన్నాయి గాని, ఇప్పుడు పట్టినవి..."

"అవతలి గట్టున చెలమ తవ్వి మంచినీళ్ళు పడదాంలే అత్తా. బయ్యన్న మావా, నువ్వు?"

బయ్యన్న అటూ ఇటూ చూశాడు. నాయకుడి మనసు ఎటు మొగ్గిందో అతనికి ఈపాటికి తెలుసు. "నీ మాటే నా మాట" అన్నాడు.

అలా చివరిదాకా అడిగాడు. ఒక్కరిని కూడా వదలలేదు.

"అందరినీ అడిగినట్టే కదా? ఎవరికీ అడ్డు లేదు కదా?" అన్నాడు తృప్తిగా. "అయితే పదండి."

బిడారు ఏట్లో దిగింది. ముందు మాచన్న, చివర సింగన్న. ఇసుకలో ఎద్దుల కాళ్ళు కూరుకుపోతుంటే నడక మెల్లగా సాగింది. మాచన్న అవతలి గట్టు ఎక్కి, వెనక్కి తిరిగి, బారు పొడుగునా చూసి సంతోషపడ్డాడు.

మొదట చప్పుడు వచ్చింది. తాటాకుల మోపును ఎవరో నేలమీద ఈడ్చుకొస్తున్నట్టు వినిపించింది. తరువాత ఎగువ మలుపులో ఎర్రటి నీరు కనబడింది. నురగతో, చెట్టుకొమ్మలతో, ఏటినిండా వచ్చింది.

ముందున్నవాళ్ళు గట్టెక్కారు. నడుమ ఉన్నవాళ్ళు ఎద్దుల తోకలు పట్టుకుని ఎలాగో గట్టెక్కారు. తోకన ఉన్నవాళ్ళు ఇంకా ఏటి నడుమనే ఉన్నారు. బరువుతో ఎద్దులు ఈదలేకపోతున్నాయి. సింగన్న మొలలోని కత్తి తీశాడు. ఒక్కొక్క ఎద్దు దగ్గరకూ పోయి, పెరికెల తాళ్ళు కోసి, వీపు మీద చరిచి గట్టువైపు తోలాడు. బరువు పోయిన ఎద్దులు ఈదాయి. వాటిని పట్టుకుని మనుషులూ ఈదారు. మాటలో ఎంత నెమ్మదో, ఆ పనిలో సింగన్న అంత చురుకు.

చివరి ఎద్దు గట్టెక్కింది. దాని వెనక సింగన్న లేడు.

మాచన్న నీళ్ళలోకి దూకబోతే నలుగురు కలిసి పట్టుకున్నారు. పది ఎద్దుల అవతలికి వినిపించే ఆ గొంతుతో "సింగా, సింగా" అని పిలిచాడు. ఆ చప్పుడులో అతని గొంతు పక్కవాడికే వినిపించలేదు.

తెల్లవారి నీరు తీశాక దిగువకు వెతుక్కుంటూ పోయారు. తుమ్మచెట్టుకు చిక్కుకుని సింగన్న పైగుడ్డ కనబడింది. సింగన్న కనబడలేదు. పెరికెలు అక్కడక్కడ ఇసుకలో కూరుకుని కనబడ్డాయి. విప్పి చూస్తే ఒట్టి గోనె. ఉప్పు కదా, ఏరుకోవడానికి ఒక్క పలుకు కూడా మిగల్లేదు.

ఆ సాయంత్రం అందరూ గుండ్రంగా కూర్చున్నారు. తోకన ఒక చోటు ఖాళీగా ఉంది. దాన్ని ఎవరూ జరిగి పూడ్చలేదు. బయ్యన్న తలవంచుకుని మాట్లాడాడు. ఈసారి గొంతు చిన్నగా వచ్చింది.

"మొన్న మాపటేళ నేను మిట్టెక్కి చూశాను. దూరాన కొండల మీద ఒకటే మెరుపులు. నీ మనసు దాటడం మీద ఉందని తెలిసి, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను."

అక్కసాని అంది, "నా బిందెలోది ఎర్రమన్ను. ఈ ఏట్లో ఉన్నది తెల్లిసుక. అప్పుడు నాకూ తట్టలేదు నాయనా. పొద్దున లేని మట్టి ఇప్పుడొచ్చిందని మాత్రం చెప్పబోయాను."

విడివిడిగా చూస్తే అవి ఏమీ కావు. మెరుపులు ఎక్కడో మెరుస్తాయి, బిందెలో మట్టి ఎప్పుడూ ఉండేదే. రెంటినీ పక్కపక్కన పెడితే, ఎగువన వాన పడిందని పసిపిల్లకు కూడా తెలుస్తుంది. పక్కపక్కన పెట్టడానికే కదా ఆ కూడిక. ఆ ఉప్పుగల్లు బుగ్గన ఉండి ఉంటే, కరిగేలోగా ఆ రెండు మాటలూ బయటపడేవి.

మరి మూడోది? ఎడ్లు నీళ్ళవైపు ఏం చేశాయి? చూసి బెదిరాయా? వాసన పట్టి వెనక్కి తగ్గాయా? తాగనన్నాయా? ఎగువకు చెయ్యి ఎందుకు చూపించాడు? మాచన్న అందరినీ అడిగాడు. తోక చివర నడిచి చూసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ లేడు. పుట్టినప్పటినుంచీ వాడి మాటలు పూర్తి చేస్తూ వచ్చిన మాచన్నకు, ఈ ఒక్క మాటను పూర్తి చెయ్యడం ఎంత ప్రయత్నించినా చేత కాలేదు.

ఒట్టి వీపుల ఎద్దులను తోలుకుని కొండసీమకు పోయి, జరిగింది చెప్పుకున్నారు. కొండవాళ్ళు తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది. ఉన్నదే వండిపెట్టారు. చప్పిడి గంజి అది. ఆ ఏడంతా వాళ్ళ పిల్లలు అదే తాగారు.

మడులరేవుకు తిరిగి వచ్చాక మాచన్న తన ఇంటికి పోలేదు. నేరుగా సింగన్న తల్లి పోలక్క దగ్గరకు పోయాడు. కబురు ముందే చేరింది. ఆవిడ మడిగట్టు మీద కూర్చుని ఉంది. మాచన్న వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

ఆవిడ అడిగింది. "ఏట్లో దిగబోయే ముందు ఏమన్నా అన్నాడా నాయనా? నా గురించి కాకపోయినా సరే. చివరిగా వాడు అన్న మాట ఏందో చెప్పు. దాచుకుంటాను."

మాచన్నకు అబద్ధం చెప్పాలనిపించింది. అమ్మను తలుచుకున్నాడని చెబితే ఆ తల్లి నమ్మేది, కొంచెం ఊరట పడేది. కాని అది కూడా సింగన్న మాటను తాను పూర్తి చెయ్యడమే అవుతుంది.

"ఒక మాట మొదలుపెట్టాడమ్మా" అన్నాడు. "నేను చెప్పనివ్వలేదు."

పోలక్క అతని వంక చూసింది. కోప్పడలేదు.

"వాడు మెల్లిగా చెబుతాడు" అంది. "చిన్నప్పుడు అమ్మా అన్న మాట కూడా ఆగి ఆగి అన్నాడు. నేను ఆగేదాన్ని. కాస్త ఆగితే వాడు ఏదైనా చెబుతాడు నాయనా."

అంతే అంది. ఆ తరువాత ఆవిడ ఎన్నాళ్ళు బతికినా అతన్ని మరోమాట అనలేదు. అతను మాత్రం ఆ మాట వినని రోజు లేదు.

మరుసటి ఎండాకాలం మాచన్న తనకు నాయకత్వం వద్దన్నాడు. పల్లె అంతా కూర్చుని, ఒక్కొక్కరే చెప్పి, నువ్వే ఉండాలన్నారు. వాళ్ళందరూ చెప్పి ముగించేదాకా అతని బుగ్గన ఉప్పుగల్లు ఉంది. ఆ తరువాత ప్రతి సాయంత్రమూ ఉంది. నోరు మండేది, చిరాకు పుట్టేది. అతను ఉమ్మలేదు.

తోకన నడవడానికి కొత్తవాడు వచ్చాడు. చురుకైనవాడు, చెప్పేదేదో గబగబా చెప్పి కూర్చునేవాడు. వాడి ముందువాడు చెప్పేవాడు, ఆ తరువాత ఇంకొకరు, చివరికి బయ్యన్న. అందరి మాటా అయిపోయేది. ఉప్పు కూడా కరిగిపోయేది. అయినా మాచన్న వెంటనే నోరు విప్పేవాడు కాదు. ఇంకా ఎవరో ఒకరు చెప్పవలసి ఉన్నట్టు, తోకవైపు చూస్తూ కాసేపు ఆగేవాడు. ఎందుకో తెలిసినవాళ్ళు అతనితోపాటు ఆగేవాళ్ళు.

కథ ఆ ఏటి ఒడ్డునే ఉండిపోయింది. మనం ఇంటికి తీసుకుపోవలసినది ఇదొక్కటే: నలుగురిని కూర్చోబెట్టి అడిగినవాడు, నాలుగో మనిషి మాట ముగిసేదాకా తన మాటను ఆపుకోవాలి.